ఆ మండలం టీకాలు ఎవరికి పడ్డాయి?

ఈ రోజు క్యాంపస్‌లో కోవిడ్ లెక్కల మీద సెమినార్‌కి వెళ్లాను. ఒళ్లు మండిపోయింది.

బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు తెర మీద ఓ మారుమూల మండలాన్ని చూపించారు. అక్కడ టీకాలు బాగా పడ్డాయట, అయినా జబ్బు తగ్గలేదట. "టీకా పడింది కదా అని జాగ్రత్తలు మానేశారు. అవగాహన లేదు," అని తేల్చేశారు.

మా ఎమ్మెస్సీ విద్యార్థిని స్వప్న లేచింది. "సార్, అది మా మండలమే. ఆ టీకాలు మావోళ్లకు పడలే. పట్నమోళ్లు ఫోన్ల స్లాట్ బుక్ చేస్కొని, కార్లల్ల వచ్చి ఏయించుకొని పోయిన్రు. మా నాయిన రెండు రోజులు లైన్ల నిలవడి ఉత్తగనే ఇంటికొచ్చిండు."

"అది మీ ఇంటి సంగతి అమ్మా. డేటా అలా చెప్పట్లేదు," అంటూ ఆయన స్లైడ్ మార్చేశారు.

టీకా ఎక్కడ వేశారో చెప్పే లెక్క అది, ఏ ఊరివాళ్లకు వేశారో కాదు. ఆ మాత్రం ఆలోచించని మనిషికి మైకెందుకు?

లేచి అడుగుదామనుకున్నాను. సగం లేచి మళ్లీ కూర్చున్నాను. పట్నంలో, తార్నాకలోని ఇంటికొచ్చి నా టీకా సర్టిఫికెట్ తీసి చూశాను. వేసిన చోటు, మళ్లీ ఎప్పుడూ మొహం చూడని ఒక పల్లె ఆసుపత్రి. ఆ రోజు కారు పక్కన నిలబడి సెల్ఫీ దిగి ఇక్కడ కూడా పెట్టాను. మీరంతా లైకులు కొట్టారు.

మీ సర్టిఫికెట్‌లో ఏ ఊరి పేరుంది?