జెర్లీన్ బూట్లు తొడిగిన పదకొండేళ్లు

కెంటకీ కొండల్లో, మా లోయలో జెర్లీన్ కాడిల్ పేరు తెలియనివారు లేరు. పద్దెనిమిదో ఏట వృద్ధాశ్రమంలో ఆయాగా చేరింది. పదకొండేళ్లు ముసలివాళ్లకు స్నానం చేయించింది, అన్నం తినిపించింది, బూట్లు తొడిగింది. ఆ పని చేస్తూనే నర్సు చదువు చదివింది. మా లోయనుంచి నర్సు లైసెన్సు పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది ఆమె ఒక్కతే.

అప్పటికి పెద్దాసుపత్రిలో కొత్త నర్సులకిచ్చే ఏడాది శిక్షణలో ఖాళీలు లేవు. ఇల్లు గడవాలి కనుక అదే ఆశ్రమంలో నర్సుగా కుదిరింది. పది నెలల తర్వాత ఆ శిక్షణకు మళ్లీ దరఖాస్తులు పిలిచారు. లైసెన్సు వచ్చి ఏడాది దాటనివారికే అందులో చోటు. ఇప్పుడు తప్పితే జెర్లీన్‌కు మరి లేదు.

దరఖాస్తు నింపుతుంటే అమ్మమ్మ డెల్ఫా పక్కనే కూర్చుంది.

"చేసిందంతా రాయవే. ఒక్క రోజు కూడా వదలకు. నువ్వెంతదానివో వాళ్లకెట్లా తెలుస్తుంది?"

ఆశ్రమంలో పనిచేసే ఎవరినైనా మా లోయలో నర్సమ్మ అనే పిలుస్తాం. ఆ అలవాటు కొద్దీ, నర్సుగా అనుభవం అన్నచోట జెర్లీన్ పన్నెండేళ్లు అని రాసేసింది. మూడోనాడు జవాబు వచ్చింది: ఈ శిక్షణ కొత్తవారికి మాత్రమే.

"నా నోరు పడిపోను!" అంది డెల్ఫా.

"నీ నోటికేం, బంగారంలా ఉంది. రాసింది నా చెయ్యి కదా," అంది జెర్లీన్. ఫోన్ చేస్తే, ఆ సాయంత్రం ఐదులోగా కాగితాలు తెచ్చి చూపమన్నారు. ఇద్దరూ ట్రక్కులో కొండ దాటారు.

డెల్ఫా పిల్లలందరినీ ఇంట్లోనే కన్నది. ఎనిమిది అంతస్తుల ఆసుపత్రి ముందు తల వెనక్కి వాల్చి నిలబడిపోయింది. పైకప్పుమీద హెలికాప్టర్ వాలింది.

"ఒసేయ్, ఇంటిమీద దిగిందే!"

"నోరు మూసుకో అమ్మమ్మా, ఈగ దూరుతుంది."

శిక్షణ చూసే హోల్‌బ్రుక్ మేడమ్ కాగితాలు తిరగేసింది. "ఆయా పని నర్సు అనుభవం కాదమ్మా. ఆశ్రమంలో నర్సుగా చేసిన పది నెలలూ అడ్డు కావు. ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసుంటేనే మా దృష్టిలో పాతవాళ్లు." ఆశ్రమంవాళ్లిచ్చిన ఉత్తరం దగ్గర ఆగింది. "ముగ్గురికి గుండె దెబ్బతింటోందని డాక్టరుకన్నా ముందే పసిగట్టావట. ఎట్లా?"

"బూట్లండి. నిన్న పట్టిన బూటు ఇవాళ పట్టలేదంటే కాళ్లకు నీరు చేరుతోందన్నమాట. రోజూ తొడిగే చేతికి తెలిసిపోతుంది."

మేడమ్ కలం కింద పెట్టేసింది. "ఇరవయ్యారేళ్లుగా నర్సును. ఈ మాట నాకెవరూ చెప్పలేదు." తర్వాత దరఖాస్తులో పన్నెండు కొట్టేసి సున్నా వేసింది. "సోమవారం ఏడింటికి రా. మొదటిరోజే ఆ బూట్ల సంగతి తక్కిన పిల్లలకు చెప్పాలి."

డెల్ఫా కళ్లు ఆ సున్నామీదే ఉన్నాయి. మనవరాలి కష్టమంతా ఒక్క గీతతో పోయిందే అని నొచ్చుకుంది. ఆ గీతతోనే ఈ ఎనిమిది అంతస్తుల తలుపూ తెరుచుకుంది. ఇదేం విడ్డూరమో ఆమెకు అంతుపట్టలేదు.

ఇద్దరూ ట్రక్కెక్కి ఇంటిదారి పట్టారు. కొండమలుపు దగ్గర డెల్ఫా వంగి తన కాళ్లవంక చూసుకుంది.

"జెర్లీన్, నా బూట్లూ బిగుతుగానే ఉన్నాయే."

"కొత్తవి కదే. అయినా ఇంటికెళ్లాక చూస్తాలే," అంది నర్సు.