కినుయో పీపా వాలు తగ్గించిన రోజు

మకినొహరా మిట్ట మీద ఎండకి దాక్షిణ్యం లేదు. అడ్డం కొండల్లేవు, పొద్దున నెత్తినెక్కిందంటే సాయంత్రం దాకా తేయాకు మీదే కూర్చుంటుంది. అందుకే మా ఆకు తోలులా మందం. ఆ రోజుల్లో మా టీ ఒక గుక్క తాగితే నాలుక బిగుసుకుపోయేది. లోయల్లో పెరిగిన ఆకు సూదుల్లా ఉందని పట్నం వర్తకులు మురిసిపోయేవారు. మా ఆకుని చూస్తే ముక్కు చిట్లించేవారు.

కినుయో ఆ మిట్టకి పంతొమ్మిదేళ్ళప్పుడు కోడలిగా వచ్చింది. మొగుడు యుద్ధానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. మిగిలింది అత్తగారు తొకి. ఎనిమిది ఇళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్న టీ షెడ్డులో కినుయో ముందు బుట్టలు మోసింది, తర్వాత ఆవిరి పీపా దగ్గరికి చేరింది. అది ఏటవాలుగా పడుకోబెట్టిన పొడుగాటి పీపా. పైన పచ్చాకు పోస్తే ఆవిరిలో దొర్లుతూ కిందికి జారుతుంది. ఆడదానికి పీపా ఏమిటని మగాళ్ళు సణిగారు. మీరు కబుర్లు చెప్పుకుంటుంటే అది ఆవిరిని చూస్తుందని షెడ్డు పెద్ద ఇవాజో వాళ్ళ నోళ్ళు మూయించాడు. కానీ ఒక్క విడత పాడుచేసినా మళ్ళీ బుట్టలే మోయాలని కినుయోకీ చెప్పి ఉంచాడు.

తొకికి కడుపులో మంట. టీ పండించే ఇంట్లో పుట్టి, టీ పండించే ఇంటికొచ్చి, ఉత్త వేణ్ణీళ్ళు తాగి బతికేది. ఒక వసంతంలో కినుయో గుప్పెడు ఆకుని అన్నం వండే ఆవిరి బుట్టలో పెట్టి, మామూలుకి రెండింతలసేపు ఉంచింది. చేత్తో నలిపి, ఆరబెట్టి, కాచి ఇచ్చింది. అత్తగారు తాగి, ఇంకాస్త ఉందా అంది. కోడలు వచ్చిన పన్నెండేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అదే.

మరుసటేడు తొలికోత నాడు కినుయో ఎవరికీ చెప్పకుండా పీపా వాలు తగ్గించింది. ఆకు తొందరగా కిందికి జారకుండా ఆవిరిలోనే తిరిగింది. పచ్చి వాసన పోయి, లోపల్నుంచి ఏదో తియ్యటి వాసన లేచేదాకా ఆమె కదల్లేదు. తీరా నలిపే యంత్రంలో పడ్డాక ఆకు ముక్కలైపోయింది. సగానికి సగం పొడి.

ఇవాజో గుప్పెడు తీసి చూశాడు.

"ఎనిమిది ఇళ్ళ తొలికోత ఇది. ఏం చేశావే?"

"మెత్తగా ఉడకనిచ్చాను పెద్దాయనా."

"టీ చెయ్యమన్నాను, గంజి కాదు."

మర్నాడు మధ్యాహ్నం వర్తకుడు కురాతా వచ్చాడు. నల్లటి పళ్ళెంలో ఆకు పోయించుకుని, ఇది చెట్టు మీద కోశారా, షెడ్డులో ఊడ్చారా అని అడిగాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ నేలచూపులు చూశారు. కురాతా తన వృత్తి ఆచారం ప్రకారం తెల్ల గిన్నెలో ఆకు వేసి, సలసల మరిగే నీళ్ళు పోసి, అలాగే వదిలేశాడు. బురదలా దిగింది. ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. పళ్ళెం పక్కకి నెట్టాడు.

ఇవాజో కినుయో వంక చూడను కూడా చూడలేదు. బుట్టలు మూల్లోనే ఉన్నాయి.

"నీళ్ళకి ఓపిక లేదు బాబుగారూ," అంది కినుయో. "మీక్కూడా లేనట్టుంది. ఒక్కసారి నన్ను పొయ్యనివ్వండి."

కురాతా నవ్వి, కానిమ్మన్నాడు.

మరిగిన నీళ్ళని ఆమె మొదట ఖాళీ కప్పుల్లో పోసింది. కప్పుని గుప్పిట్లో పట్టుకుంటే చెయ్యి కాలనంతగా వేడి తగ్గేదాకా ఆగింది. సన్నటి జల్లెడున్న చిన్న కూజాలో ఆకు వేసి, ఆ నీళ్ళు మెల్లగా వంచి మూత పెట్టింది. కూజాని ఊపలేదు. పది ఊపిర్లు లెక్కపెట్టుకుంది, అంతే. తర్వాత ఈ కప్పులో కాస్త, ఆ కప్పులో కాస్త, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకాస్త, ఆఖరి చుక్క రాలేదాకా పోసింది.

వాన వెలిసిన వరిమడి రంగు. కప్పు అడుగు కనపడనంత చిక్కటి పచ్చ.

కురాతా తాగాడు. మళ్ళీ తాగి, కప్పు వంచి అడుగున మిగిలిన పచ్చటి మడ్డిని చాలాసేపు చూశాడు. ఎంత మెత్తగా ఉందో, ఎంత తియ్యగా ఉందో అతను చెప్పనక్కర్లేకపోయింది. ఉమ్మేసిన మనిషి ఇప్పుడు చేత్తో పెదాలు తుడుచుకోవడానికి కూడా ఇష్టపడటం లేదు. కినుయో రెండోసారి కాస్త వేడి నీళ్ళు పోసి, ఆగకుండా వెంటనే వంచింది. రంగు తగ్గలేదు. మూడోసారీ పచ్చగానే దిగింది.

"ముప్పై ఏళ్ళుగా కళ్ళతోనే కొన్నాను," అన్నాడు కురాతా మెల్లగా. "సంచులు కట్టించండి. ఎలా కాయాలో కాగితం రాసి ప్రతి సంచిలో పెట్టండి. లేకపోతే మా వాళ్ళూ నాలాగే ఉడుకునీళ్ళు కుమ్మరిస్తారు."

అతను వెళ్ళాక ఇవాజో సుద్దముక్క తెచ్చి, పీపా కాలి మీద గీత గీశాడు. ఇకమీదట వాలు ఇక్కడే ఉంచమన్నాడు. కినుయో కొంగు లాంటి తన ఏప్రాన్ చివరతో ఆ గీత తుడిచేసింది.

"వానలో కోసిన ఆకు వేరు, ఎండలో కోసింది వేరు పెద్దాయనా. గీతకేం తెలుస్తుంది?"

ఇవాజో మూల్లో ఉన్న బుట్ట తనే ఎత్తుకుని, కొత్తగా కోసిన ఆకు తేవడానికి తోటకి నడిచాడు.