ప్రమాదమైతే పిలిచే నెంబరు

తుఫాను వస్తోందంటే పోర్టులో ఫలానా నెంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. విశాఖలో చంటిపిల్లలక్కూడా ఈ సంగతి తెలుసు. నేను తెచ్చిన ఉపద్రవానికి మాత్రం ఏ హెచ్చరికా లేదు. మబ్బు పట్టలేదు, గాలి వీయలేదు. టై కట్టుకుని, ఏసీ గదిలో కూర్చుని, ఎంతో మర్యాదగా మాట్లాడుతూ తెచ్చాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆటోనగర్‌లో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో హెచ్చార్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. ఇంకా ప్రొబేషనే. నన్ను పర్మనెంటు చేసే కాగితం మేనేజరుగారి సొరుగులో సంతకం కోసం పడుంది. సరిగ్గా అప్పుడే, రెండో షిఫ్టు బస్సు తీసేశారని వర్కర్లు సమ్మెకి దిగారు. గేటు ముందు షామియానా వేశారు. ముందు వరసలో కూర్చున్నది ఎవరనుకున్నారు? మా మేనత్త కొడుకు సన్నిబాబు బావ. మేనత్త పోయాక భీమిలిలో ఉన్న మా అమ్మే అతనికి పెద్దదిక్కు.

"ఏదో ఒకటి చెయ్యవయ్యా" అన్నారు మేనేజరుగారు దిగులుగా.

అడగడమే ఆలస్యం, నా బుర్రలో ఆలోచన సిద్ధంగా ఉంది.

"వీళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేద్దాం సార్. ఇంట్లోవాళ్ళు చెబితే వింటారు."

"నెంబర్లెక్కడివి?"

"చేరినప్పుడు ఇచ్చారుగా సార్, ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో ఆ నెంబర్లు. కంప్యూటర్లో ఉన్నాయి."

"అవి అందుకిచ్చినవి కాదు కదయ్యా..."

"ఇచ్చింది మనకే కదా సార్!"

ఆయన నోరు తెరిచి, మూశారు. మూసిన నోటిని నేను ఒప్పుకోలు కింద జమకట్టాను.

సెల్‌ఫోను మోగితే పనికి అడ్డమని ఆపేసి, ఆఫీసు ఫోను అందుకున్నాను. గొంతు గంభీరంగా సవరించి, పుస్తకాల భాషలో మొదలుపెట్టాను. "నమస్కారమండీ. కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. కంగారుపడకండి..."

"ఓలమ్మో!" అంది అవతలి గొంతు. ఫోను కింద పడ్డ చప్పుడు.

ఆహా, మొగుడి మీద ఎంత కోపం వచ్చిందో అనుకున్నాను. రెండో ఫోను, ఓలమ్మో. మూడోది, ఓరి నాయనో. నాలుగో ఆవిడ మాత్రం గట్టి మనిషి. "ఇప్పుడెక్కడున్నాడు బాబూ?" అని అడిగింది.

"గేటు దగ్గరేనమ్మా. ఎంత పిలిచినా లేవట్లేదు. మీరొచ్చి తీసుకెళ్ళాలి."

మీకు అర్థమైపోయింది కదూ? ఫ్యాక్టరీవాళ్ళ ఇంటికి ఆఫీసు నుంచి ఫోనొచ్చేది ఒక్కందుకే. అది నాకు తప్ప గాజువాక మొత్తానికి తెలుసు. నేను మాత్రం నా మాటలో ఇంత మహిమ ఉందా అని మురిసిపోతూ, పేర్లైనా చూడకుండా జాబితా చివరిదాకా నొక్కుకుంటూ పోయాను. కాఫీ కూడా తెప్పించుకున్నాను.

కాఫీ సగంలో ఉండగా ఆటోలు దిగడం మొదలైంది. పెళ్ళాలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు, జుట్టు విరబోసుకుని ఏడుపులు. ఫిషింగ్ హార్బరులో చేపలమ్మే నూకాలమ్మ గంపతో సహా దిగింది. వాళ్ళాయన షామియానా మూల మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. చూసి గంప విసిరేసి గుండెలు బాదుకుంటూ అతని మీద పడింది.

అతను తువ్వాలు తీసి, "ఏటే? సేపలమ్మీసినావా?" అన్నాడు.

ఆవిడ ముందు ఏడ్చింది, తర్వాత కొట్టింది.

ఈ గోల గంటసేపు సాగాక ఇంకో ఆటో. అందులోంచి చెప్పులైనా లేకుండా దిగింది మా అమ్మ!

సన్నిబాబు బావ లేచి పరుగెత్తాడు. "అత్తా! ఏటిలాగొచ్చీసినావ్?"

"నా గుంటడేడిరా? కంపినీ నుంచి ఫోనొచ్చినాది. ఆడి ఫోను పలకట్లేదురా!"

బావ తన ప్రమాదం నెంబరుగా ఇచ్చింది మా అమ్మదే. ఆ నెంబరు నొక్కింది నేనే. నా సెల్లులో అది 'అమ్మ' అని ఉంటుంది. అంకెలెవడు చూశాడు? ఆ ఓలమ్మోల్లో ఒక ఓలమ్మో మా అమ్మదని నాకెలా తెలుస్తుంది? నా గంభీరమైన గొంతు ఆవిడ మాత్రం ఎలా పోల్చుకుంటుంది?

నేను బయటికి రాగానే అమ్మ నన్ను వాటేసుకుంది. చేతులు తడిమింది, కాళ్ళు తడిమింది. ఎక్కడా దెబ్బ లేదని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. నాకు సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలుద్దామని అందరి ఇళ్ళకీ ఫోన్లు చేసి మా ఇంటికే మంటపెట్టుకున్నాను.

"ఏ సచ్చినోడ్రా ఫోను సేసినోడు?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

బావ నావైపు చూశాడు. చెప్పకుండా ఉంటాడేమోనని చిన్న ఆశ. బావమరిదిని కదా!

"ఈడే అత్తా."

అమ్మ నా టై పట్టుకుంది. "దెబ్బ తగిల్తే సెప్తారని కదరా ఆళ్ళు నెంబర్లిచ్చినారు! నువ్వే దెబ్బేసీసి ఫోన్సేస్తావేటి?"

నన్నొదిలేసి నేరుగా వెళ్ళి షామియానాలో బావ పక్కన కూర్చుంది. ఆమె పక్కన నూకాలమ్మ, ఆమె పక్కన మిగతా ఆడవాళ్ళు. "బస్సు ఏస్తేగాని లెగం" అన్నారు. సమ్మె విరగ్గొడదామని నేను పడ్డ శ్రమకి సమ్మె రెండింతలైంది.

సాయంత్రానికల్లా కంపెనీ దిగొచ్చింది. బస్సు మళ్ళీ వేస్తామని రాసిచ్చిన కాగితంలో, ఇంటి నెంబర్లు ప్రమాదానికి తప్ప ఇంకెందుకూ వాడమని కూడా వర్కర్లు ఒక వాక్యం రాయించారు. దాన్ని టైపు చేసింది నేనే.

మేనేజరుగారు నా కాగితం సొరుగులోంచి తీసి, సంతకం పెట్టకుండా మళ్ళీ లోపల పెట్టారు. "ప్రొబేషను ఇంకో ఆర్నెల్లు. ఈ సంగతి మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పమంటావా? నెంబరుందిగా."

"అవి అందుకిచ్చినవి కాదు కదా సార్!" అన్నాను.

అందుకని, సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఒకరి ఇంటి నెంబరు ఈ జన్మలో ముట్టను. తప్పనిసరై ముట్టుకుంటే, ముందు కాలో చెయ్యో నిజంగా విరిగిందని కళ్ళారా చూసే ముట్టుకుంటాను. 'కంగారుపడకండి' అన్నమాట పొరపాటున కూడా నా నోట రాదు. మా అమ్మ నెంబరు మాత్రం కంఠతా పట్టేశాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మీకు చెప్పను.