జులై ఒకటిన పుట్టినవాళ్ళు

కెనడాలోని రెజైనాలో మా తెలుగు రేడియోకి వారానికి అరగంట ఉంటుంది. శనివారం పదకొండుకి మొదలై, ఇంకా మాట్లాడాల్సింది ఉందనగానే అయిపోతుంది. దాన్ని పదకొండేళ్ళుగా నడుపుతున్నది ఒక ఆంటీ. మిగతా రోజుల్లో ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. గాల్‌బ్లాడర్ తీయించుకున్న వారం కూడా పొట్టకు దిండు అదిమిపెట్టుకుని వచ్చి కార్యక్రమం చేశారట. నేను చదువుకోడానికి వచ్చి, కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తూ, జనవరిలో స్టూడియో వెచ్చగా ఉంటుందని చేరాను. నా వంతు 'ఇదే రోజున' అనే ఐదు నిమిషాలు. ఆ తేదీన ఎవరు ఏ రాజ్యం పోగొట్టుకున్నారో, ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో చదవడం.

ఆ ఏడు జులై ఒకటి శనివారం వచ్చింది. రెండు రోజుల ముందు స్టేషన్ మేనేజరు మా ఇద్దరినీ పిలిపించాడు. మా అరగంట మాకే ఉండాలంటే, ఊళ్ళో ఉండే, పద్దెనిమిదేళ్ళు దాటిన వంద మంది పుట్టినతేదీతో సహా మద్దతు ఫారాలు నింపాలి. నేను నూట పన్నెండు పోగుచేసి ఇచ్చాను. ఆయన వాటిని రెండు దొంతులుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ముప్పై నాలుగు మందీ జులై ఒకటినే పుట్టారు," అన్నాడు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. మర్యాద పెరిగినకొద్దీ ప్రమాదం దగ్గరపడుతోందని ఈ దేశంలో రెండేళ్ళుంటే ఎవరికైనా తెలుస్తుంది.

"అవును," అన్నారు ఆంటీ.

"అది కెనడా పుట్టినరోజు కూడా."

"దేశభక్తి సార్," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఫారాలు పోగుచేసినవాణ్ణి నేనే కదా. ఒకే తేదీని ముప్పై నాలుగుసార్లు చూశాను, ఒక్కసారి కూడా వింతగా అనిపించలేదు. మావాళ్ళలో ఒక వయసు దాటినవారికి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి అమ్మకు గుర్తున్నది, ఇంకొకటి బళ్ళో చేర్చిన రోజున హెడ్మాస్టరుకు తోచినది. బళ్ళో చేర్చుకునేది జూన్, జులైల్లో, ఆ రోజుకి పిల్లవాడికి ఐదేళ్ళు నిండి ఉండాలి కాబట్టి ఆయన కలం ఆ రెండు నెలల దగ్గరే తిరిగేది. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్టులోకి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకి ఎక్కి, వాళ్ళతోపాటు విమానం కూడా ఎక్కింది.

ఆంటీ ఇదంతా చెప్పారు. మేనేజరు తలాడిస్తూ విన్నాడు. "ఎవరో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇవన్నీ నింపారని మా బోర్డువాళ్ళు అంటున్నారు. శనివారం నేను స్టూడియోలో కూర్చుంటాను. వీళ్ళలో కొందరైనా లైవ్‌లో ఫోన్ చేసి మాట్లాడితే చాలు. చేయకపోతే సెప్టెంబరు నుంచి ఈ అరగంట ఇంకొకరికి. న్యాయమే కదా?"

"న్యాయమే," అన్నారు ఆంటీ. కారులో కూర్చుని సీటుబెల్టు పెట్టుకున్నారు. "ఒరేయ్, పదకొండేళ్ళురా," అన్నారు. నాకు తోచిన జోకు మింగేశాను. ఇలాంటివి ఏడాదికి ఒకటి రెండు మింగుతాను.

శుక్రవారం వాట్సాప్ గ్రూపులో విషయం పెట్టాం. బొటనవేళ్ళు వచ్చాయి, దండాలు వచ్చాయి, కేకులు వచ్చాయి. ఫోన్ చేస్తామని మాత్రం ఒక్కరూ రాయలేదు. సాయంత్రం, ఇక్కడే స్థిరపడే అనుమతికి అర్జీ పెట్టుకున్నవాళ్ళెవరో అడిగారు: "పీఆర్ ఫైల్ నడుస్తోంది. రేడియోలో డేట్ ఆఫ్ బర్త్ గురించి మాట్లాడటం సేఫేనా?" ఆ తర్వాత గ్రూపులో బొటనవేలు కూడా లేవలేదు.

శనివారం మేనేజరు ముందే వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్స్, ఒళ్ళో ముప్పై నాలుగు ఫారాలు. పదకొండయింది. ఆంటీ గొంతు సవరించుకుని, ఇవాళ పుట్టినరోజు జరుపుకుంటున్నవారంతా ఫోన్ చేయమన్నారు. ఫోనుకు మూడు లైన్లు, మూడు ఎర్రదీపాలు. ఒక్కటీ వెలగలేదు. కెనడా పుట్టినరోజని ఊరంతా సరస్సు దగ్గర జెండాలు పట్టుకుని పాన్‌కేకుల వరసలో ఉంది.

ఆంటీ నావైపు చెయ్యి ఊపారు. మొదలుపెట్టాను. ఇదే రోజున కెనడా ఒక దేశంగా ఏర్పడింది. ఇదే రోజున దాని జాతీయగీతం అధికారికమైంది, నూట పదమూడేళ్ళ తర్వాత, తొందరేముందని. ఇదే రోజున హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళింది. ఇదే రోజున జేబులో పెట్టుకుని నడుస్తూ పాటలు వినే క్యాసెట్ ప్లేయరు జపాన్‌లో అమ్మకానికొచ్చింది, మనిషి పలకరిస్తే వినపడకపోవడం అప్పుడే మొదలైంది. దీపాలవైపు చూశాను. లేదు. ఇదే రోజున చైనావాళ్ళను ఈ దేశంలోకి రానివ్వని చట్టం అమల్లోకొచ్చింది. ఆంటీ కళ్ళతోనే తర్వాతిదానికి పొమ్మన్నారు. ఫైలు నడుస్తున్నవాళ్ళు వింటున్నారు మరి. తర్వాతిది న్యూఫౌండ్‌లాండ్. అక్కడ ఇవాళ మధ్యాహ్నం దాకా యుద్ధంలో పోయినవాళ్ళకోసం దుఃఖిస్తారు, ఆ తర్వాత పండగ చేసుకుంటారు.

చదవాల్సినవి అయిపోయాయి. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. రేడియోలో ఐదు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగుంటుందో ఆ రోజు తెలిసింది. మేనేజరు గడియారం చూసుకోలేదు. చూసుకుని ఉంటే బాగుండేది.

మొదటి లైను వెలిగింది. ఆంటీ మొదట తప్పు బటన్ నొక్కారు.

"హలో, హ్యాపీ బర్త్‌డే అండీ!"

"ఏం హ్యాపీలే అమ్మా," అన్నాడొక పెద్దాయన. "నేను ఈ పొద్దు పుట్టలేదు."

మేనేజరు ఒక ఫారం వెనక రాసి మా ముందు పెట్టాడు: ఏమంటున్నాడు? 'అందరికీ థాంక్స్ చెబుతున్నాడు' అని రాద్దామని నేను కలం తీశాను. ఆంటీ దాన్ని లాక్కున్నారు. నిబ్బు కాగితాన్ని తాకేముందు ఒక్క క్షణం ఆగి రాశారు: ఇవాళ పుట్టలేదంటున్నాడు.

మేనేజరు చదివాడు. కింద రాశాడు: మరి ఎప్పుడు?

"మరి ఎప్పుడు పుట్టారు అంకుల్?" అన్నారు ఆంటీ మైకులో.

"మా ఊరికి కరెంటొచ్చిన రోజు. స్విచ్చేసేదానికి మినిస్టరొస్తాడని ఊరంతా పోయినారు, మంత్రసాని గూడా. మా యమ్మ ఒక్కతే ఇంట్లో. దీపాలెలిగినాక అందురూ వచ్చి చూస్తే నేనుండా. బళ్ళో అయ్యవారు మాత్రం జులై ఒకటని రాసుకున్యాడు."

ఆంటీ ఆయన్ను మాట్లాడిస్తుంటే, నేను ఆ మాటలన్నీ కాగితంమీద ఇంగ్లీషులోకి మార్చాను. తల ఎత్తేసరికి మిగతా రెండు దీపాలూ వెలుగుతున్నాయి.

"పేరు చెప్పనండీ, మావారి పీఆర్ ఫైలు నడుస్తోంది," అంది ఒకావిడ. "పెద్ద తుఫాను వచ్చిన మర్నాడు పుట్టానండి నేను. బియ్యమన్నీ తడిసిపోతే బారసాలకి అందరికీ అటుకులే పెట్టారంట."

ఇంకొకాయన వరంగల్ వైపు. "మా బాపు ఆ రోజు ఫస్ట్ షోకి పోయిండు. ఇంటర్వెల్ల కబురొస్తే, కొడుకు యాడికి పోతడని మిగిలిన సిన్మా చూసే వచ్చిండు. ఆ సిన్మా రిలీజైన దినమే నా బర్త్‌డే."

వెనకనుంచి ఒక చిన్న గొంతు: "డాడ్, దెన్ వై ఆర్ వీ కటింగ్ ద కేక్ టుడే?"

"ఆర్డర్ ఇచ్చినం కద బేటా, తిను."

నేను ఫారాల వెనక రాస్తూనే ఉన్నాను. మేనేజరు ఒక్కొక్కటీ అందుకుని చదువుతున్నాడు. పదకొండున్నరకి తర్వాతి కార్యక్రమం చేసే ఉక్రేనియన్ పెద్దావిడ వచ్చి అద్దంమీద వేలితో కొట్టింది. మేనేజరు అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఆంటీ ఆ చెయ్యి చూశారు. చూడనట్టు తర్వాతి లైను నొక్కారు.

"నమస్తే ఆంటీ," అంది ఒకమ్మాయి. "నేను నిజంగానే జులై ఒకటినే పుట్టాను. హాస్పిటల్ కాగితం కూడా ఉంది. చెప్తే ఒక్కరూ నమ్మట్లేదు."

రాసిచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివి హెడ్‌ఫోన్స్ తీశాడు. "మిగతావాళ్ళందరినీ నమ్మాను. ఈమె దగ్గరే కొంచెం అనుమానంగా ఉంది," అన్నాడు. మైకు తెరిచే ఉండటంతో ఆ మాట కూడా ప్రసారమైంది.

రెన్యువల్ కాగితం తీసి, ఒక్క ఏడాదికేనని చెప్పి, సంతకం పెట్టాడు. ఆంటీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు లాగారు. అప్పటిదాకా నవ్వలేదు.