అడ్డా దగ్గర ఆగని రైలు

పల్నాడు విడి జిల్లా అయిన మరుసటి ఏడాది, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, మా కన్సల్టెన్సీ కంపెనీ నన్ను నరసరావుపేటలో ఎలైన్‌మెంట్ ఇంజనీరుగా వేసింది. రిటైరయ్యే ముందు నాకు అదే చివరి పోస్టింగు. నరసరావుపేట నుంచి సత్తెనపల్లికి సబర్బన్ లైట్ రైలు వేస్తే ఏ దారిన వేయాలో తేల్చి ప్రభుత్వానికి చెప్పడం మా పని. లైట్ రైలంటే రోడ్డు పక్కనే నేల మీద నడిచే రెండు మూడు పెట్టెల చిన్న రైలు. పట్టాలు ఎక్కడ పడాలో, ఎక్కడ వంపు తిరగాలో, స్టేషను ఎక్కడ రావాలో గీసేది ఎలైన్‌మెంట్ ఇంజనీరు. మాది వెల్దుర్తి కాబట్టి ఈ జిల్లా ఎండా, ఇక్కడి మాటా నాకు కొత్త కాదు. ఆ ఆఫీసులో మిగతా అందరికీ కొత్తే. మా టీం లీడరు నగరం నుంచి వారానికోసారి కారులో వచ్చి, ఏసీ గదిలో మ్యాపు చూసి, సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు.

మా ముందు రెండు దారులున్నాయి. మొదటిది ఇప్పుడున్న రోడ్డు పక్కనే ఊళ్ళ మీదుగా, ముప్పాళ్ళను తాకుతూ పోతుంది. మలుపులు ఎక్కువ, అక్కడక్కడా కొట్లు పడగొట్టాలి. రెండోది ఊరి బయట బైపాస్ పట్టుకుని పొలాల మధ్యగా తిన్నగా పోతుంది. గీయడానికి హాయి. కాకపోతే ఆ గీత పక్కన అప్పటికి మనుషులు లేరు. రంగురాళ్ళు పాతి, ఆర్చి కట్టి అమ్మకానికి పెట్టిన ప్లాట్ల వెంచర్లు ఉన్నాయి. మా వృత్తిలో దారుల్ని పక్కపక్కన పెట్టి మార్కులు వేస్తారు. ఖర్చుకు కొన్ని, భూసేకరణకు కొన్ని, అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఎంతమంది ఎక్కుతారన్న అంచనాకు. ఆ అంచనాలో నెగ్గిన దారే దాదాపు ఖాయమవుతుంది.

గీత గీసే ముందు ఆ దారంతా కాలినడకన తిరగడం నా అలవాటు. అలా నడుస్తున్నప్పుడే ఊరి చివర, ముప్పాళ్ళ రోడ్డు మొదట్లో ఉన్న కూలీల అడ్డా చూశాను. పొద్దున్నే వందల మంది ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని అక్కడ చేరతారు. మిరపకాయ కోతకు ఆటోల్లో వెళతారు. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో ఎందరెక్కుతారో లెక్కపెట్టడానికి నాకు మనసొప్పలేదు. డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు, వెనక డిక్కీలో కాళ్ళు బయటికి వేలాడేసి మరికొందరు.

మస్తాన్‌బీ అక్కడే పరిచయమైంది. ఒక ముఠాకు మేస్త్రి. రైతుతో మాట్లాడి కూలీలను తీసుకెళ్ళేది, పని చేయించేది ఆమే. అంతకు ముందు ఏడాది ఆమె ముఠా ఎక్కిన ఆటో కాలవ కట్ట మీద తిరగబడింది. ఆమె కోడలి కుడిచేయి నుజ్జయింది. ఆ చేత్తో ఆ పిల్ల ఇక కాయ కోయలేదు, ఇంట్లో కూర తరుక్కోలేదు. మస్తాన్‌బీ నన్ను అడిగింది ఒకటే. "రైలొస్తే ఈడ ఆగిద్దా మేడం? ఈడ ఎక్కి ముప్పాళ్ళ కాడ దిగితే రైతు ట్రాక్టరు పంపిస్తాడు. ఇంకో పిల్ల చెయ్యి పోకుండా ఉంటది." ఆగేలా గీస్తానన్నాను. గీశాను కూడా. నా మొదటి దారిలో రెండో స్టేషను ఆ అడ్డాయే.

ప్రయాణికుల సర్వే లెక్కలొచ్చాయి. ప్లాట్లలో రేపు ఇళ్ళు కట్టుకునేవాళ్ళను కూడా కలుపుకుని బైపాస్ దారికి మంచి మార్కులు, పాత రోడ్డుకు అధ్వాన్నం. ముప్పాళ్ళ రోడ్డు మీద పొద్దున పూట పోయే జనం దాదాపు లేరని అంటున్నాయి ఆ లెక్కలు. నా కళ్ళతో చూసిన జనం లేరట! మర్నాడు పొద్దున్నే సర్వే చేసేవాళ్ళతో పాటు అడ్డా దగ్గర నిలబడ్డాను.

ప్రయాణికుల సర్వేలో ముఖ్యమైన ప్రశ్నలు రెండే. ఎక్కడి నుంచి, ఎక్కడికి. ట్యాబ్‌లో ఆ రెండూ నింపితేనే ఒక ప్రయాణం లెక్కలో పడుతుంది. సర్వే చేసే అమ్మాయి ఒకామెను అడిగింది, ఎక్కడికి వెళ్తున్నారని.

"యాడికో మాకేం తెలుసమ్మా, మేస్త్రి యాడికి తీస్కపోతే ఆడికి."

ట్యాబ్ ఖాళీ గడిని ఒప్పుకోదు. ఆ అమ్మాయి 'తొలగించు' నొక్కి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆమె జవాబూ అదే. అదీ తొలగించారు. అడ్డా మొత్తం అలాగే తొలగిపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెకు నేర్పింది అది.

ఇక్కడి పద్ధతి తెలియని వాళ్ళకు ఇది చెప్పాలి. కోతల కాలంలో ఏ చేలో కాయ పండిందో, ఎవరికి కూలీలు ముందు కావాలో రోజురోజుకూ మారుతుంది. రైతులు మేస్త్రికి తెల్లవారాక కూడా ఫోన్లు చేస్తుంటారు. ఏ ఊరు వెళ్ళాలో ఆటో కదిలేదాకా తేలదు. కూలీలు అడగరు. ఎక్కడికని అడిగితే మేస్త్రి మీద నమ్మకం లేనట్టు లెక్క. రేపటికి పిలుపు రాకపోవచ్చు. అందుకని గమ్యం తెలియకుండా బండి ఎక్కడం ఈ జిల్లాలో వేల మందికి రోజూ ఉండే ప్రయాణం. ఆ ప్రయాణానికి మా ట్యాబ్‌లో గడి లేదు.

ఆఫీసుకొచ్చి టీం లీడరుకు చెప్పాను. ముప్పాళ్ళ చుట్టూ ఉన్న చేలన్నిటినీ కలిపి ఒకే గమ్యంగా తీసుకుందామని, వారం రోజుల్లో మళ్ళీ సర్వే చేయించవచ్చని అన్నాను. అతను ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. గమ్యం లేనిది ప్రయాణం కిందికి రాదు, అది నియమం అన్నాడు. నియమం తిరగరాయమనడం లేదు, ఇక్కడికి తగ్గట్టు సర్దమంటున్నాను అన్నాను. అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. ఆటోలకు అలవాటుపడ్డవాళ్ళు మేడం, వాళ్ళు రైలెక్కుతారా, ఎక్కినా పెట్టెలన్నీ మిరపకాయ ఘాటే కదా, అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోడలి చేయి గురించి చెప్పాను. ఏ మలుపులో బండి తిరగబడిందో నా మ్యాపు మీదే చూపించాను. గట్టిగానే అరిచాను, పక్క గదిలో వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. అతను ఫోన్ వచ్చిందని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ సర్వే జరగలేదు.

దారి ఖాయం చేసే ముందు ఆ ప్రాంతం జనాన్ని పిలిచి మాట వినాలి. దాన్ని సంప్రదింపుల సమావేశం అంటారు. దారి పొడుగునా అందరికీ కబురు పంపాలన్నది నియమం. నియమాలంటే అంత ప్రేమ ఉన్న మా టీం లీడరు ఈ ఒక్కటీ మర్చిపోయాడు కాబట్టి, నేనే వెళ్ళి అడ్డాలో చెప్పి వచ్చాను. మస్తాన్‌బీ తన ముఠా మొత్తాన్నీ పని మాన్పించి తీసుకొచ్చింది. వాళ్ళకు వెనక గోడ దగ్గర చోటు దొరికింది. ముందు వరస సోఫాల్లో వెంచర్ల వాళ్ళు, చేతిలో మా బైపాస్ మ్యాపు రంగుల ప్రింటుతో. ఇంకా ఖాయం కాని మ్యాపు వాళ్ళ చేతికి ఎలా వచ్చిందని అడిగాను. వాళ్ళు ప్రింటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

మస్తాన్‌బీ లేచి అడ్డా దగ్గర స్టేషను కావాలంది. వేదిక మీది అధికారి మర్యాదగానే అడిగాడు, మీరు రోజూ ఏ ఊరు వెళతారో చెప్పండి, రాసుకుంటామని.

"అది రేపు పొద్దున గాని తెలవదు సార్," అంది.

ముందు వరస గొల్లుమంది. ఊరు తెలియకుండా రైలు ఎక్కుతారటయ్యా అని ఎవరో అన్నారు. మస్తాన్‌బీ మొహం ఎర్రబడింది.

"నవ్వమాకండి. పోయే ఊరు తెలవదు గాని ఎక్కే చోటు తెలుసు, రాత్రికి తిరిగొచ్చే చోటు తెలుసు. మీ ప్లాట్లల్లో ఎక్కేవోళ్ళెవరో ముందు చెప్పండి. ఆడ గొడ్డు గూడా లేదు గదా!"

వెనక ఆడవాళ్ళంతా చెప్పండి, చెప్పండని ఒక్కసారి గొంతెత్తారు. అధికారి గడియారం చూసుకున్నాడు. భోజనాలకు వేళయిందన్నారు. భోజనాల తర్వాత ఆ అంశం మళ్ళీ ఎత్తలేదు. బైపాస్ దారిని ఖాయం చేశారు. నేను నా అసమ్మతిని కారణాలతో సహా రాసి నివేదికకు జత చేయమని ఇచ్చాను. అచ్చయిన నివేదికలో అది లేదు. అడిగితే, పేజీలు ఎక్కువయ్యాయన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం మరుగుతుంది.

ఇదంతా జరిగాక రైలు వచ్చిందా అంటే, రాలేదు. నివేదిక పైకి వెళ్ళింది, అక్కడే ఉంది. వచ్చినవి బోర్డులు మాత్రమే. బైపాస్ పక్కన ప్రతి వెంచరు ముందూ 'ప్రతిపాదిత రైల్వే స్టేషను ఎదురుగా' అని మనిషి ఎత్తు అక్షరాలు లేచాయి. అడ్డా దగ్గర నేను గీసిన స్టేషను ఎక్కడా లేదు. ఇష్టం లేకపోయినా కంపెనీ ఆదేశం మీద గీసిన బైపాస్ స్టేషను మాత్రం ప్లాట్ల ధరలో చేరిపోయింది. నేను రిటైరయ్యాను.

కిందటి సీజన్లో చుట్టాల ఇంటికి సత్తెనపల్లి వెళుతూ అడ్డా దగ్గర కారు ఆపించాను. ఏమీ మారలేదు. అవే ఆటోలు, అదే కిక్కిరిసిన జనం. మస్తాన్‌బీ నన్ను గుర్తుపట్టింది. డిక్కీలో కూర్చుని ఉంది, కాళ్ళు బయటికే. మిరపకాయ కోతలకేనా, ఏ ఊరో ఇంకా తెలియలేదా అన్నాను.

"ఇయ్యాల తెలుసు మేడం," అంది. "స్టేషను కాడికే. అది వచ్చిద్దని అమ్మిన ప్లాట్లల్లో తుమ్మకంప మొలిచిందంట, కొట్టాలంట."

ఆటో కదిలింది. ఆమె కాళ్ళు రోడ్డుకు జానెడు ఎత్తులో ఊగుతూ పోయాయి.

ఆ పోస్టింగు నాకు నేర్పింది ఇది. సర్వేలో తొలగించిన జవాబులు చూడకుండా ఏ దారినీ ఖాయం చేయకూడదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే, ఎంతమంది ఎక్కుతారని కాదు, ఎవరిని లెక్కలోంచి తీసేశారని ముందు అడగమంటాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పని టీం లీడరు నివేదిక కింద సంతకం పెట్టవద్దంటాను.