ఇనుప కంబి మీద ఆరేసిన పెళ్లి దుప్పట్టా

మంగళవారం. వంట, రెండు బకెట్ల ఉతుకు, మిరపకాయలు ఎండబెట్టడం అయ్యాయి. ఒక పెద్ద పొరపాటు కూడా అయింది.

కరక్కాయ నీళ్లలో నానబెట్టి బొమ్మలు వేసిన గుడ్డకు తడి మీద ఇనుము తగిలితే నల్లబడుతుంది. ఇన్నేళ్లుగా ఈ కలంకారీ పని చేస్తున్నాను, తెలియక కాదు. నైలాన్ తాడు నిండా చీరలు ఉన్నాయని, నా దగ్గర బొమ్మలు వేయించుకున్న ముంతాజ్ కూతురి పెళ్లి దుప్పట్టాను మిద్దె మీది ఇనుప కంబిపై వేశాను. అలాంటిది ఇంకొకటి లేదు. పెళ్లి రేపే. తిరగేద్దామని వెళితే నడిమధ్యన పొడుగ్గా నల్ల గీత!

గీత కనబడకుండా మడత పెడుతుండగానే ముంతాజ్ ఆటో దిగింది. మడత విప్పి చూపించాను.

"ఏమక్కా ఇది! సాయంత్రం పిల్లోని ఇంటోళ్లకు చూపియ్యల్ల. ఏ మొగం పెట్టుకొని పోవల్ల?"

"కూచో. ఈ గీతనే పూలకొమ్మగా గీస్తా. ఒక్క రంగు చుక్క జారినా చెరగదు మల్ల."

"అట్లయితే నిదానంగా గియ్యక్కా. ముందు నీళ్లు తాగు."

గీత పొడుగునా ఆకులు, మొగ్గలు వేసి, ఆరాక ముంతాజ్ చేతికిచ్చాను.

ఇప్పుడే ముంతాజ్ ఫోన్ చేసింది. "పిల్లోని ఇంటోళ్లు ఆ కొమ్మనే శానాసేపు చూసినారక్కా. ఏమీ అనలే."

ఏమీ అనలేదంటే నచ్చినట్టా, నచ్చనట్టా? తెలిసినవాళ్లు చెప్పండి. ముంతాజ్ ఇవ్వాల్సిన మిగతా డబ్బు మాత్రం వద్దన్నాను. ఆ పద్దు పక్కన చెల్లు అని రాశాను.