కొండ మీదుగా గంటన్నర

మా వీధిలో విమానం టికెట్లు అమ్మే ఆవిణ్ణి అందరూ విమానం వదిన అంటారు. నేనూ అంతే. పక్కనే నాది కుట్టు దుకాణం. ఫలానా ఊరు ఎంత దూరమమ్మా అని ఎవరడిగినా ఆవిడ కిలోమీటర్లు చెప్పదు. "గంటన్నర, ఒక కునుకు తీసేలోపు దిగిపోతారు" అంటుంది. ఆ మాట వింటే ఆవిడ చెల్లెలి మొగుడికి ఒళ్ళుమంట. లారీ తోలతాడు. "ఆ ఊరికి కొండ చుట్టి పోవాలి వదినా. పద్నాలుగు గంటలు. నాకా చెప్తావు?" అని అన్నం ముందు కూడా కొట్లాటే. విమానం కొండ మీదుగా పోతుందయ్యా అంటే గోడకి చెప్పుకున్నట్టే. వాడు తోలిందే దారి, వాడు చెప్పిందే దూరం.

పెళ్ళాన్ని కొట్టేవాడు, వెధవ. బెల్టుతో, చెప్పుతో, చేతికేది దొరికితే దానితో. పోయిన వారం కొట్టిన దెబ్బకి ఆ పిల్ల చెవిలోంచి నెత్తురు కారింది. ఇక చాలని వదిన ఇవాళ పొద్దున్నే చెల్లెల్ని విమానం ఎక్కించేసింది. దిగే ఊళ్ళో వదిన స్నేహితురాలు కారు తెచ్చి విమానాశ్రయం బయట ఉంటుంది, ఆవిడ ఇల్లెక్కడో వీడికి తెలీదు. కానీ ఆ ఊళ్ళోనే వీడి తమ్ముడున్నాడు. సంగతి తెలిస్తే ఆ తమ్ముడొచ్చి గుమ్మంలోనే జుట్టు పట్టుకుంటాడు. పిల్ల దిగి కారెక్కేదాకా వదిన నోరు విప్పకూడదు.

విమానం ఇంకా గాల్లో ఉండగానే వీడొచ్చి వదిన కొట్టు షట్టర్ సగం కిందికి లాగేశాడు. "ఏ బస్సెక్కించావ్?" విమానం సంగతే వాడి బుర్రకి తట్టలేదు. దారిలో ఉన్న డ్రైవర్లందరికీ ఫోన్లు చేసి బస్సులు ఆపిస్తున్నాడట. వదిన తెలీదంది. చెంప పగలగొట్టాడు. తెలీదంది. తల పట్టుకుని బల్లకేసి మోదాడు, పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. అయినా తెలీదంది. చెయ్యి సొరుగులో పెట్టించి, సొరుగుని కాలితో తన్నాడు. వేళ్ళు విరిగిన చప్పుడు గోడ ఇవతల నాకు వినపడింది.

బయట జనం చూస్తూ నిలబడ్డారు. వాళ్ళింటి గొడవ మనకెందుకట. సిగ్గులేని జనం. నా నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు. కాలుతున్న ఇస్త్రీ పెట్టె పట్టుకుని షట్టర్ కింద నుంచి దూరాను.

వదిన గోడ గడియారం చూసి, నెత్తురోడుతున్న నోటితో నవ్వింది. "దిగిపోయింది. ఇక నన్ను చంపుకో."

అప్పుడే వాడి ఫోన్ మోగింది. పెళ్ళాం ఎక్కడికెళ్ళినా చేరగానే మొగుడికి చెప్పాలి, అది వాడు పెట్టిన రూలు. ఒకసారి మర్చిపోతే చెయ్యి విరిచాడు. అప్పట్నుంచి ఆ పిల్ల ఎక్కడ కాలు మోపినా ముందు ఫోనే తీస్తుంది. ఆలోచించను కూడా ఆలోచించదు.

"చేరానండీ," అంది స్పీకర్లో.

"ఎక్కడికే?"

ఊరు చెప్పేసింది. ఏ గుమ్మం దగ్గర నిలబడిందో అదీ చెప్పేసింది. అన్ని దెబ్బలకీ ఏడవని వదిన అప్పుడు ఏడ్చింది.

"అక్కడే ఉండు, తమ్ముణ్ణి పంపిస్తా," అని వాడు ఫోన్ బల్ల మీద పెట్టి వదిన వైపు తిరిగాడు. "నాకూ ఒక టికెట్ కొట్టు."

బల్ల మీద ఆనించిన ఆ చేతి మీద ఇస్త్రీ పెట్టె పెట్టి, నా బరువంతా వేశాను. చర్మం కాలిన కంపు కొట్టింది. వాడి కేక వీధి చివరిదాకా వినపడుంటుంది.

ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. "ఏమండీ, ఏమైందండీ? భయపడకండి, తిరుగు విమానం ఎక్కేస్తాను. ఎంతోసేపు పట్టదు."

వదిన ఆ ఫోన్ అందుకుని రావద్దే అనేలోపే అవతల పెట్టేసింది.